కాఫీ ఎన్ని గంటలకు తాగితివి?

పోయిన నెల ఒక మంగళవారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా కింది వాటా బావగారు ఫోన్ చేశారు. ఆయన నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి. నీళ్ళ మోటారు సంగతేమో అనుకుని, ఫైలు మీద నుంచి కళ్ళు తీయకుండానే "చెప్పండి" అన్నాను. "మీ అక్క పోయింది మా" అన్నారు. నాకు సొంత అక్క లేదు. అయినా ఎవరు అని అడగాల్సిన అవసరం రాలేదు.

ఆ పొద్దున కూడా తన ల్యాబులో నలుగురికి రక్తం తీసిందట. ట్యూబుల మీద పేర్లు అంటించి, ఐసు పెట్టెలో సర్ది, పెట్టె పంపించేసి, గుండెల్లో ఏదో పట్టేసినట్టు ఉందని అదే కుర్చీలో కూర్చుందట. గోరిమేడు పెద్దాసుపత్రికి చేరేలోపే అయిపోయింది. నేను ఇంటికి వచ్చేసరికి వాకిట్లో కుర్చీలు వేసేశారు. పొద్దున రక్తం ఇచ్చి వెళ్ళిన వాళ్ళలో ఇద్దరు, మోచేతి మీద దూది అలాగే ఉండగా, మళ్ళీ వచ్చి నిలబడి ఉన్నారు.

మాది యానాం. ట్రాన్స్‌ఫర్ మీద నాలుగేళ్ళ కిందట పుదుచ్చేరి వచ్చాను. మావారి ఉద్యోగం యానాంలోనే కావడంతో నేనూ, అప్పటికి పద్నాలుగేళ్ళ మా అమ్మాయీ మూలకుళంలో ఈ ఇంటి మేడ మీద వాటాలో దిగాం. ఇంటివాళ్ళు కింద, నేను అక్కా బావగారూ అని పిలిచేది వాళ్ళనే. వీధి వైపు గదిలో అక్క ల్యాబు. ల్యాబంటే మరీ పెద్దది ఊహించుకోకండి. ఒక కుర్చీ, ఒక బల్ల, రక్తం తిప్పే చిన్న మెషీను, ఐసు పెట్టె. ఇక్కడ రక్తం తీసి ఊళ్ళో పెద్ద ల్యాబుకు పంపేవాళ్ళు, రిపోర్టులు అక్కడి నుంచి వచ్చేవి. బావగారు గుమ్మం పక్కన కూర్చుని వచ్చినవాళ్ళ పేర్లు రాసేవారు. ఒక ఆసుపత్రి ల్యాబులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాక అక్క పెట్టుకున్న వ్యాపకం అది.

వాళ్ళది ఈ ఊళ్ళో ఎన్నో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ, ఆ తెలుగు విని నేను మొదట్లో తెల్లబోయాను. 'యాడ', 'ఏంది'ల మధ్య అరవ మాటలు దొర్లేవి. 'అమ్మా' అనడానికి 'మా' అనేవాళ్ళు, గట్టిగా చెప్పాలనుకున్న మాటకు చివర 'దా' అని తగిలించేది అక్క. తెలుగు చదవడం రాదు. నా తెలుగు విని ఆవిడా అంతే తెల్లబోయింది. "నువ్వు పాట మాదిరి మాట్లాడతావు మా" అంది. నేను ఆఫీసులో ఇంకోలా మాట్లాడతానని, అప్పుడు పాటలేవీ ఉండవని చెప్పలేదు.

మేం దిగిన మర్నాడే పొద్దున కింద నుంచి ఆవిడ గొంతు వినిపించింది. "కాఫీ ఎన్ని గంటలకు తాగితివి?" రెడ్డియార్‌పాళయం నుంచి వచ్చిన ఒక దుకాణం పెద్దాయన, ఆరింటికి అని బుద్ధిగా జవాబు చెప్పాడు. సరే, రేపు రమ్మని పంపించేసింది. తానేమీ తినలేదని, కాఫీయే కదా అని ఆయన వాకిట్లో నిలబడి చాలాసేపు వాదించాడు. మేడ మీద కాఫీ తాగుతూ నేను నవ్వుకున్నాను.

తర్వాత తర్వాత నాకు ఆ ప్రశ్నలోని తెలివి అర్థమైంది. "ఏమైనా తిన్నారా" అని అడిగితే అందరూ లేదనే అంటారు. అబద్ధమాడాలని కాదు. మన ఇళ్ళల్లో కాఫీ తినడం కింద లెక్క కాదు, పళ్ళు తోముకోవడం లాంటిది. అందుకని అక్క, తాగావా అని కూడా అడిగేది కాదు. తాగావన్నట్టే, ఎన్నింటికి అని అడిగేది. తాగినవాళ్ళు తడుముకోకుండా టైము చెప్పేవాళ్ళు. తాగనివాళ్ళు మాత్రమే ఆగి, ఆశ్చర్యంగా, తాగలేదు అనేవాళ్ళు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకామెను అడగకుండా రక్తం తీసిందట. ఆమె పాలూ చక్కెరా కలిపిన కాఫీ తాగి వచ్చింది. ఆ రిపోర్టు చూసి మందులు మొదలుపెట్టారు. నెలల తర్వాత సంగతి బయటపడింది. ఆ తప్పు తనదేనని అక్క అనేది. "రక్తం అబద్ధం చెప్పదు మా. మనం దా దాని చేత చెప్పిస్తాము" అనేది.

యానాం నుంచీ ఆంధ్రా నుంచీ కొత్తగా వచ్చిన వాళ్ళు ఎక్కువవుతున్నారని, గోడ మీద తెలుగులో కూడా ఒక కాగితం అంటించాలని నన్ను అడిగింది. నేను స్కెచ్ పెన్నుతో, ఆఫీసులో కూడా ఎప్పుడూ రాయనంత గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాను. "రాత్రి భోజనం తర్వాత మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకూడదు. కాఫీ, టీ, పాలు కూడా తిండి కిందే లెక్క." అక్క దాన్ని చదవలేదు. కానీ ఎవరైనా వాదిస్తే అరిచేది కాదు, వేలితో దాన్ని చూపించేది. అది రాసింది మేడ మీద గవర్నమెంటు ఆఫీసరమ్మ అని చెప్పేదట. నేను ఆఫీసరును కాదు, అసిస్టెంటును.

ఇక మా అమ్మాయి సంగతికి వస్తాను. పదహారేళ్ళు వచ్చేసరికి దాని మెడ వెనక నల్లగా ఒక పట్టీలా కనిపించడం మొదలైంది. స్నానం సరిగా చేయడం లేదని తిట్టాను. సున్నిపిండి, శనగపిండి, నిమ్మచెక్క, అన్నీ పెట్టి రుద్దాను. ఒకసారి ఎర్రగా కందిపోయేదాకా రుద్దితే ఏడ్చింది. నెలసరి రెండు నెలలకోసారి, మూడు నెలలకోసారి వచ్చేది. ఒళ్ళు వస్తోంది. దానికీ తిట్టాను. నాకు కోపం తప్ప ఇంకో మందు తెలియదు, మా ఇంట్లో వాళ్ళను అడిగితే చెప్తారు.

ఒకరోజు అది కింద గిన్నె ఇవ్వడానికి వెళ్తే అక్క దాని జడ పక్కకు తీసి మెడ చూసింది. చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చి, "ఇది మురికి కాదు మా. పిలకాయను తిట్టొద్దు. డాక్టరమ్మకు చూపించు" అంది. ఏమిటిదని అడిగితే, తాను రక్తం తీసేదాన్నే తప్ప డాక్టరును కాదని చెప్పి దిగి వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ పరగడుపున షుగరూ, దాంతో పాటు ఇన్సులినూ చూడమని రాసింది. షుగరు బడిలో ఒకసారి చూశారు, బాగానే ఉంది కదా, మళ్ళీ ఈ ఇన్సులిన్ ఎందుకని నేను అక్క దగ్గర సణిగాను. ఆవిడ చెప్పిన మాట నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తుంది.

"రెండిళ్ళు అనుకో మా. రెండింట్లోనూ పొద్దునకు అంట్లు శుభ్రంగా తోమి ఉండాయి. ఒక ఇంట్లో ఒకామె తోమింది. ఇంకో ఇంట్లో అవే అంట్లకు నలుగురు పడినారు. బయట నుంచి చూస్తే రెండూ ఒకటే దా. షుగర్ టెస్టు అంట్లను చూస్తాది. ఇన్సులిన్ టెస్టు ఎంతమంది తోమినారో చూస్తాది."

ఆ నలుగురూ ఏళ్ళ తరబడి అలా తోమితే ఒకరోజు అలసిపోతారని, అప్పుడు షుగరు పైకొస్తుందని, అంతకు ముందే తెలుసుకుంటే మంచిదని చెప్పింది. పరగడుపునే ఎందుకంటే, రాత్రి తిన్నదంతా సర్దుకున్నాకే ఆ లెక్క తేలుతుందట. మధ్యలో కాఫీ పోస్తే కొత్త అంట్లు పడ్డట్టే. రెండు అంకెలనూ గుణించి నాలుగొందల ఐదుతో భాగిస్తే ఒక అంకె వస్తుందని, అది అంచనాయే తప్ప తీర్పు కాదని కవరు వెనక పెన్సిలుతో లెక్క చేసి చూపించింది. ఎంత దాటితే ఎక్కువ అన్నది డాక్టరు చూసుకోవాలట.

టెస్టు గురువారం. శుక్రవారం డాక్టరమ్మ దగ్గర టైము దొరికింది, అదీ బతిమాలితే. ఆ పై వారం అమ్మాయికి ప్రాక్టికల్స్. గురువారం పొద్దున అయిదున్నరకు లేచి, రోజూ చేసే పనే కాబట్టి చేతులు వాటంతట అవే కాఫీ కలిపేశాయి. రెండు చెంచాల చక్కెర. తలనొప్పిగా ఉందని అమ్మాయి గ్లాసు అందుకుని సగం తాగేసింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఒక్క క్షణం ఆలోచించాను. సగం గ్లాసే కదా అనుకున్నాను. గోడ మీద ఆ కాగితం రాసిన మనిషిని నేనే. ఆ కాగితం కిందే కూర్చుని కాఫీ తాగామని ఎలా చెప్పను? "చెప్పకు" అన్నాను దానితో.

అక్క ఎప్పటిలాగే మా అమ్మాయిని అడిగింది, ఎన్ని గంటలకు తాగావని. నేను అందుకున్నాను. "తాగలేదక్కా." ఆగలేదు, ఆశ్చర్యపోలేదు, తడుముకోకుండా అనేశాను. అమ్మాయి నేల చూసింది. అక్క దాని ముఖం చూసింది, నా ముఖం చూసింది. రబ్బరు పట్టీ కట్టి, రక్తం తీసి, ట్యూబును ఊపకుండా నెమ్మదిగా తిప్పి పక్కన పెట్టింది. రిపోర్టు సోమవారం వస్తుందని, డాక్టరమ్మకు తానే ఫోన్ చేసి చెప్తానని అంది. ఇంత చేసీ శుక్రవారం టైము పోయిందని నాకు చిరాకేసింది.

సోమవారం రిపోర్టు వచ్చింది. షుగరు తొంభై నాలుగు. ఇన్సులిన్ పందొమ్మిది. ఆ లెక్క కడితే నాలుగు పాయింట్ నాలుగు. ఇది షుగరు జబ్బు కాదని, కానీ ఒళ్ళు ఇన్సులిన్ మాట సరిగా వినడం లేదని, అందుకే ఎక్కువ ఖర్చు పెడుతోందని డాక్టరమ్మ అంది. ఇప్పుడే మందులు అక్కర్లేదు, రోజూ నడవాలి, తీపి తగ్గించాలి, నిద్ర సరిగా పోవాలి, ఆరు నెలలకు మళ్ళీ చూద్దాం అని పంపించింది. నేను అన్నిటికీ తలూపాను. లోపల మాత్రం నిశ్చింతగా ఉన్నాను. ఇదంతా ఆ సగం గ్లాసు కాఫీ పని, నా కూతురికేమీ లేదు అనుకున్నాను. మావారికి ఫోన్లో అదే చెప్పాను, ఏమీ లేదట అని.

అమ్మాయి ఆ రోజు నుంచి చక్కెర కాఫీ మానేసింది. కలిపిస్తే వద్దనేది. వయసు పొగరు అనుకున్నాను. పొద్దున్నే అక్కతో కలిసి నడకకు వెళ్ళేది. పెద్దావిడకు తోడుగా వెళ్తోందని, నా పెంపకం మరీ అంత చెడ్డదేం కాదని ఆఫీసులో చెప్పుకున్నాను కూడా. అక్కకు నిజం చెప్పేయాలని రెండు మూడుసార్లు మెట్ల దాకా వచ్చాను. ప్రతిసారీ ఏదో పని గుర్తొచ్చేది.

ఆరు నెలల తర్వాత రెండో రిపోర్టు. షుగరు ఎనభై ఎనిమిది, ఇన్సులిన్ పది. లెక్క రెండు చిల్లరకు దిగింది. ఈసారి పొద్దున కాఫీ ఇవ్వలేదు కాబట్టి అసలు అంకె వచ్చింది అనుకున్నాను. ఆ సంతోషంలో, అక్క చేతిలో కాగితం ఉండగానే అన్నాను. "మొదటి రిపోర్టులోనే ఏదో తేడా ఉందక్కా. నాకు అప్పుడే అనిపించింది."

ముప్పై ఏళ్ళు ఒక్క రిపోర్టు తప్పు పోకూడదని ప్రతి మనిషినీ నిలదీసి అడిగిన మనిషితో ఆ మాట అన్నాను. ఆవిడ కాగితం మడిచి నా చేతికి ఇచ్చింది. "కావచ్చు మా" అంది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. మా ఆఫీసులో యానాం ఆవిడ ఒకరు టెస్టుకు ఎక్కడికి వెళ్ళాలని అడిగితే, చిన్న ల్యాబుల్లో ఒక్కోసారి తేడా వస్తుంది, పెద్దదానికే వెళ్ళండి అని సలహా కూడా ఇచ్చాను. నా అబద్ధాన్ని ఆవిడ పని మీద పెట్టేశాను. దీన్ని మెత్తగా చెప్పడానికి నాకు మాట దొరకడం లేదు, వెతకను కూడా.

వాళ్ళ పద్ధతిలో పదహారో రోజు చేసే కార్యం అయిన సాయంత్రం, భోజనాలు ముగిసి అందరూ వెళ్ళాక, పైన కూర్చుని అమ్మాయితో అక్క గురించే మాట్లాడుతున్నాను. పనిలో ఎంత నిక్కచ్చి మనిషో చెప్తున్నాను. చెప్తూ చెప్తూ, "నీ విషయంలో ఒక్కసారే పొరపాటు జరిగింది, అది కూడా నా వల్లే" అన్నాను. రెండేళ్ళలో నా నోటి నుంచి ఆ సంగతి రావడం అదే మొదలు. అమ్మాయి లేచి వెళ్ళి పాత ఫైలు తెచ్చి, మొదటి రిపోర్టు నా ముందు పెట్టింది. రక్తం తీసిన తేదీ దగ్గర వేలు పెట్టింది.

అది గురువారం తేదీ కాదు. ఆ తర్వాతి ఆదివారానిది. రోజంతా తేదీలు సరిచూసి సంతకాలకు పంపే ఉద్యోగం నాది. రెండేళ్ళుగా నా బీరువాలో ఉన్న కాగితంలో ఆ తేదీని నేను చూడలేదు.

"ఆ గురువారం సాయంత్రం నేనే పెద్దమ్మకు చెప్పేశానమ్మా, కాఫీ తాగానని" అంది. అక్క అప్పటికే ఆ ట్యూబు పంపకుండా పక్కన పెట్టి ఉంచిందట. ఆదివారం నేను చేపల కోసం మార్కెట్‌కు వెళ్ళినప్పుడు, నిజంగా పరగడుపున, మళ్ళీ రక్తం తీసిందట. అంటే ఆ నాలుగు పాయింట్ నాలుగు కాఫీది కాదు. నా కూతురిది. ఆ రెండు చిల్లర కాఫీ మానితే వచ్చింది కాదు. ఆరు నెలల పాటు రోజూ వాళ్ళిద్దరూ నడిస్తే వచ్చింది. నేను ఏమీ లేదని ఊరంతా చెప్పుకుంటున్నప్పుడు, దానికి ఉన్నదేదో వాళ్ళిద్దరూ కలిసి తగ్గించుకున్నారు.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. గొంతు పెద్దదైంది, అలవాటు. అమ్మాయి వెనక్కి తగ్గలేదు.

"నేను చెప్తానన్నాను. పెద్దమ్మే వద్దంది. మీ అమ్మ దా వచ్చి చెప్తాది, మనం అడిగితే సిగ్గుపడతాది, కాచుకుందాము అంది." రిపోర్టు మళ్ళీ ఫైల్లో పెడుతూ అంది. "కాచుకుంది. నువ్వు ఆ రిపోర్టే తప్పన్న రోజు కూడా, ఇంకా కొన్నాళ్ళు చూద్దామంది."

నేను ఏడ్చాను. ఏడవడం తేలిక. కింద బావగారి గదిలో దీపం వెలుగుతోంది. వెళ్ళి ఆయనకు అంతా చెప్పాను. ఆయన చాలాసేపు విని, "ఆమెకు నీ మీద కోపం లేదు మా" అన్నారు. కోపం ఉంటే బాగుండేదని అనిపించింది. మర్నాడు ఆఫీసులో ఆ యానాం ఆవిడకు కూడా చెప్పాను, ఆ ల్యాబులో తేడా ఎప్పుడూ రాలేదని, తేడా నాలో ఉందని. ఆవిడ అయోమయంగా చూసింది. ఆవిడకు చెప్పింది చాలలేదనే ఇది రాస్తున్నాను.

ఆ మరుసటి పొద్దున అమ్మాయితో పాటు నేనూ నడకకు బయల్దేరాను. చీర కుచ్చెళ్ళు పట్టుకుని దాని వెనక నడవడం నాకు కష్టంగానే ఉంది. రెండు సందులు దాటి, రెడ్డియార్‌పాళయం వైపు రోడ్డు కొంచెం ఎత్తెక్కే చోట, ఒక తెల్ల కాంపౌండు గోడ పక్కన అది ఆగిపోయింది. నా కోసం ఆగిందేమో అనుకున్నాను. నా వైపు చూడటం లేదు. ఇక్కడెందుకు ఆగావని అడిగాను.

"ఇక్కడ పెద్దమ్మకు ఆయాసం వస్తుంది. రోజూ ఆగుతాం" అంది. వస్తుంది అంది, వచ్చేది అనలేదు. ఆవిడకు ఆయాసం ఉందని నాకు తెలియదు. ఆయాసంతోనే రెండేళ్ళు రోజూ ఈ ఎత్తెక్కిందనీ తెలియదు. తెల్లవారుతోంది, పాల బండ్లు వెళ్తున్నాయి. అమ్మాయి రోడ్డు వైపు తాను నిలబడి, గోడ వైపు ఒక మనిషి ఆనుకోవడానికి సరిపడా చోటు వదిలి, ఊపిరి కుదుటపడటానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ అలాగే నిలబడింది.